వాగు దాటిన బండి

పోయిన వారం హెన్రీని మనం ఆత్మకూరు శివార్లలో, ఆదినారాయణ ఇంటి గేటు ముందర, చేతిలో తాళంచెవితో వదిలేసి వచ్చాం. ఈ వారమంతా పాపం అతను అక్కడే నిలబడి ఉన్నట్టు నాకు అనిపిస్తూనే ఉంది. కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు మాటలు చెప్పి గేటు తీద్దాం.

హెన్రీది ఉదయగిరి కొండ కింద, వాగుకు అవతలనున్న పల్లె. కొండాపురంలో పంతులు ఉద్యోగం. తల్లి రాహేలమ్మకు ఊపిరితిత్తుల జబ్బు, ఆమెను చూసే డాక్టరేమో ఆత్మకూరులో. ఆ పల్లె నుంచి బయటపడాలంటే సర్వీసు జీపులే గతి. వాటి డీజిల్ పొగకు సగం దారిలోనే ఆమెకు ఊపిరి బిగదీసేది. అందుకే హెన్రీ పొగ రాని పెట్రోలు బండి కావాలనీ, అది వానాకాలంలో వాగులో దిగినా నాలుగు చక్రాలూ కలిసి లాగేదై ఉండాలనీ ఊరూరా వెతికాడు. మన వైపు జీపంటే డీజిల్ జీపే. పెట్రోలు జీపు తాగుబోతని ఎవరూ దాని మొహం చూడరు. చివరికి ఆదినారాయణ, తన నిమ్మతోటకు తిరిగే పాత బండిని ఇస్తానన్నాడు. కొన్నారు. కొన్నాళ్లు చక్కగా తిరిగింది. ఆ తర్వాత ఒక వానపొద్దున రాహేలమ్మకు ఊపిరి అందకపోతే, నిండుగా పారే వాగును కూడా దాటించిన ఆ బండి, తీరా మర్రిపాడు వైపు మెట్ట మీద, నున్నటి తారురోడ్డు మీద ఆగిపోయింది. లారీవాళ్లు పుణ్యం కట్టుకుని ఆమెను ఆత్మకూరు చేర్చారు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే, అన్నాడు డాక్టరు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

గేటు తీసింది చెంచులక్ష్మి, ఆదినారాయణ భార్య. ఎదురుగా హెన్రీనీ, అతని వెనక పక్కింటి అంకారావు ట్రాక్టరునూ, దానికి మోకుతో కట్టిన బండినీ చూసింది. పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఒకప్పుడైతే "రా అబ్బయా, అమ్మ ఎట్టుండాది" అని అడిగేది. ఇప్పుడు అడగడానికి అమ్మ లేదు, పిలవడానికి నోరు లేదు.

బండిని వాకిట్లోకి తోశారు. అంకారావు టీ తాగొస్తానని రోడ్డు మీదికి పోయాడు. నిజానికి అతనికి టీ మీద యావ లేదు, గొడవ చూడ్డం ఇష్టం లేదు.

ఆదినారాయణ తుండుతో చేతులు తుడుచుకుంటూ వేపచెట్టు కింద నుంచి లేచి వచ్చాడు. మనిషి బాగా తగ్గాడు. గడ్డం చేసుకుని చాలా రోజులైనట్టుంది.

"కూర్చో హెన్రీ."

"కూర్చోడానికి రాలేదన్నా." హెన్రీ తాళంచెవి తీసి బండి బానెట్ మీద పడేశాడు. "నీ బండి నువ్వు తీసుకో. నాకు డబ్బులు వద్దు. ఒక్క మాట చెప్పు చాలు. దీంట్లో ఏం దాచిపెట్టి అమ్మినావు?"

"ఏమీ దాచలేదు."

"దాచకుంటే అంత వాగు దాటిన బండి, రోడ్డు మీద ఎందుకు ఆగిపోయింది?"

"అదే నాకూ అంతుపట్టడం లేదురా. నా దగ్గరున్నన్నాళ్లు ఒక్కసారి కూడా నన్ను దారిలో దింపలేదది."

"అందరూ అమ్మేటప్పుడు ఇదే మాట చెప్తారు."

ఆదినారాయణకు కోపం రావాల్సిన మాటే. రాలేదు. ఈ మధ్య అతనికి కోపం తెచ్చుకునే ఓపిక కూడా పోయింది. హెన్రీ చెల్లెలు సారా తల్లి పోయిన దుఃఖంలో ఫోన్లో ఏడుస్తూ నాలుగు మాటలు మాట్లాడి చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. "పాడైపోయిన బండిని అంటగట్టి మా అమ్మను చంపినాడు" అని. ఆ మాటలు అక్కడి నుంచి ఎన్ని గ్రూపులు దాటాయో గానీ, ఆత్మకూరు సంతలో చెంచులక్ష్మి కూరగాయలు కొంటుంటే ఎవరో వేలు పెట్టి చూపించారు. ఆమె సంచి అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. ఆదినారాయణ టీ అంగడికి పోవడం మానేశాడు. నిమ్మకాయలు కూడా ఇప్పుడు వేరేవాళ్ల చేత మార్కెట్టుకు పంపిస్తున్నాడు.

"బండి అమ్మిన రోజు నేనే అన్నాను గదా, మెకానిక్‌కు చూపించుకోమని" అన్నాడు మెల్లగా. "మీ అమ్మే వద్దనింది."

హెన్రీ తల దించుకున్నాడు. అది నిజం. ఆ రోజు ఇదే వాకిట్లో చెంచులక్ష్మి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. రాహేలమ్మ బానెట్ మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. ఎక్కేవాళ్ల కోసం, నడిపేవాడి కోసం, దారి కోసం, చివర్లో "ఈ బండి ఇచ్చిన నా తమ్ముడు ఆదినారాయణ ఇంటిని కూడా దీవించు తండ్రీ" అని. ఆమె కళ్లు తెరిచాక ఆదినారాయణ మెకానిక్ మాట ఎత్తాడు. "ప్రార్థన చేసినాక మళ్లా పరీక్షలేంది నాయనా" అని ఆమె నవ్వింది. హెన్రీ కూడా నవ్వాడు. వాళ్ల ఇళ్లల్లో అంతే. దేవుడి చేతిలో పెట్టిన దాన్ని మళ్లీ మనిషి చేత తట్టి చూపించడం అపనమ్మకం కింద లెక్క. చదువుకున్న పంతులు, పిల్లలకు సైన్సు చెప్పేవాడు, ఆ రోజు ఆ నవ్వు నవ్వినందుకు ఇప్పుడు తనను తానే పీక్కు తింటున్నాడు.

"ఎట్టా ఆగిందో చెప్పు" అన్నాడు ఆదినారాయణ. "నువ్వు నన్ను తిట్టు, ఏమన్నా చెయ్యి. అది మాత్రం చెప్పు. ఇన్నాళ్లూ ఎవరూ నాకు చెప్పలేదు."

హెన్రీకి ఆ పొద్దు మళ్లీ తలుచుకోవాలని లేదు. కానీ తలుచుకోని పూట కూడా లేదు.

"వాగులో బాగానే వచ్చింది. నీళ్లు తలుపు దాకా ఉన్నా లాగింది. అమ్మ కూడా కళ్లు తెరిచి, దాటినామా అబ్బయా అనింది. ఉదయగిరి దాటినాక కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంజను దడదడా అనింది. మెట్ట ఎక్కేటప్పుడు వెనక తెల్లటి పొగ, రోడ్డే కనపడలేదు. ఆగిపోయింది. ఎంత కొట్టినా మళ్లా అందుకోలేదు." బండి వైపు వేలు చూపించాడు. "అమ్మకు ఆ పొగ తగిలిందన్నా. పొగ ఉండకూడదనే గదా నేను దీన్ని కొన్నది."

ఆదినారాయణ బండి వెనక గొంతుకూర్చుని పొగగొట్టం వైపు చూశాడు.

"తెల్ల పొగనా?" అన్నాడు.

"అవును."

"దీంట్లో తెల్ల పొగ ఎట్టా వస్తది?" అంటూ లేచాడు. షెడ్డులోకి పోయి పానా తెచ్చాడు. గోనెసంచి పరిచి బండి కిందికి దూరాడు. "లక్ష్మీ, ఒక గలాసు ఈ" అని కేకేశాడు. చెంచులక్ష్మి స్టీలు గ్లాసు తెచ్చి ఇచ్చింది. టాంకీ అడుగు నట్టు వదులు చేసి, కారిన దాన్ని గ్లాసులో పట్టి, మళ్లీ బిగించి బయటికి వచ్చాడు. గ్లాసులో రెండు వేళ్లు ముంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం మారిపోయింది.

"చెయ్యి చాపు" అన్నాడు.

హెన్రీ అరచేతిలో కాస్త పోశాడు. "ఊదు."

హెన్రీ ఊదాడు. పెట్రోలైతే చల్లగా తగిలి, చూస్తుండగానే ఆరిపోవాలి. ఇది ఆరలేదు. వేలితో రుద్దితే జిడ్డుగా జారింది. వాసన చూశాడు. ఆ వాసన అతనికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. సర్వీసు జీపుల్లో తల్లి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నది ఈ వాసనకే.

"డీజిల్" అన్నాడు.

"పెట్రోలు ఉండాది, దాంట్లో డీజిల్ కలిసుండాది. మస్తుగా కలిసుండాది. ఏ బంకులో పోయించినావురా?"

"ఉదయగిరిలోనే. నేను పక్కనే నిలబడి పోయించినాను. పెట్రోలే పోసినారు. ఆ తర్వాత రోజూ కొండాపురం పోయొచ్చినా గదా, ఏమీ కాలేదు."

"అయితే ఆ తర్వాత కలిసింది. ఎవరు ముట్టుకున్నారు బండిని?"

"ఎవరూ ముట్టుకోలేదు. మా వాకిట్లోనే ఉండాది. మా ఇంట్లో నేను తప్ప ఎవరూ..." అని హెన్రీ ఆగిపోయాడు. వాళ్ల వాకిట్లో ఒక పక్క బండి, ఇంకో పక్క రేకుల షెడ్డు. షెడ్డులో నాయన ట్రాక్టరు. ట్రాక్టరు పక్కన డబ్బా. ఆలోచన అక్కడి దాకా పోయింది. దాన్ని బలవంతంగా వెనక్కి లాక్కున్నాడు.

"నువ్వే కలిపినావేమో" అన్నాడు. ఆ మాటకు అర్థం లేదని అతనికే తెలుసు. బండి ఇప్పుడే, తన కళ్ల ముందరే ఆ గేటు దాటింది.

ఆదినారాయణ దానికి కూడా కోప్పడలేదు. గ్లాసు అరుగు మీద పెట్టి కూర్చున్నాడు. అతని మొహంలో ఒక్క క్షణం వెలుగులాంటిది వచ్చింది. ఎందుకు రాదు? ఇన్నాళ్లూ హంతకుడని పిలిపించుకున్న మనిషి. తన తప్పేమీ లేదని మొదటిసారి తనకే రుజువు దొరికింది. గుమ్మంలో నిలబడ్డ చెంచులక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "నేను చెప్తానే ఉండా, మా ఆయన అట్టాంటోడు కాదని" అంది. ఎవరికి చెప్తోందో ఆమెకే తెలీదు.

అప్పుడే ఇంట్లో ఫోను మోగింది. ఆమె కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయి తెచ్చింది. పేరు చూసి నిలబడిపోయింది.

"మాల్యాద్రన్న" అంది.

మాల్యాద్రి అంటే హెన్రీ తండ్రి, రాహేలమ్మ భర్త. భార్యను మట్టిలో పెట్టిన రోజు నుంచి ఆ పెద్దాయన ఆదినారాయణతో ఒక్క మాట మాట్లాడలేదు. బండిని ఎవర్నీ తాకనివ్వలేదు కూడా. "నా ఆడదాన్ని చంపిందది, తుప్పు పట్టి పోనీ" అనేవాడు. ఈ రోజు హెన్రీ తోలుకొచ్చింది కూడా ఆయన చర్చికి పోయి ఉన్నప్పుడే.

ఆదినారాయణ చేతులు జిడ్డుగా ఉన్నాయి. చెంచులక్ష్మి స్పీకరు నొక్కి ఫోను అరుగు మీద పెట్టింది. తను ఇక్కడున్నట్టు చెప్పొద్దని హెన్రీ చేత్తో సైగ చేశాడు.

"ఆదినారాయణా, నేను మాల్యాద్రిని. కోపంతో చేయలేదులే, పెట్టేయబాక."

"పెట్టనన్నా. చెప్పు."

"రేపు మా ముసిల్దాన్ని తలుచుకుని ఆదరణ కూడిక పెట్టుకున్నాం. పొద్దన ఆరాధనలో ప్రభువు బల్ల కూడా ఉండాది, రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. పోయిన నెల నేను బల్ల తీసుకోలేదు. పాస్టరయ్యగారు రొట్టె తెచ్చి నా ముందర నిలబడితే వద్దని తలకాయ ఊపినా. మనసులో నీ మీద పగ పెట్టుకుని ఆ రొట్టె ఎట్టా మింగేది? నిద్రలో కూడా నిన్నే తిడతా ఉండా. అది బతికుంటే నన్ను గరిటెతో కొట్టేది."

ఫోనులో ఆయన నవ్వబోయాడు. అది నవ్వు కాలేదు.

"నిన్ను క్షమించాలనుకుంటా ఉండా నాయనా. ఒట్టి నోటితో కాదు, మనసారా. అయితే దేన్ని క్షమిస్తా ఉండానో నాకు తెలియాల గదా. బండిలో ఏం చెడిపోయిందో నిజం చెప్పు. మా వైపు నుంచి మేము ఏం తక్కువ చేయలేదు. ముందు రోజు సాయంత్రం దానికి ఆయాసం ఎక్కువైతే, పొద్దన్నే ఆత్మకూరు పోవాల్సొస్తదని నాకు అనిపించింది. నేనే పోయి టాంకీ మూత తీసి పుల్ల పెట్టి చూసినా. పుల్ల పొడిగా వచ్చింది. అబ్బయికి చెప్తే ఆ వానలో బంకుకాడికి పరిగెత్తుతాడని, ట్రాక్టరుకు తెచ్చుకున్న ఆయిలంతా నా చేత్తో నేనే పోసినా. డబ్బా బోర్లించి పోసినా ఆదినారాయణా, దారిలో ఆగకూడదని. మళ్లా ఎందుకు ఆగింది?"

హెన్రీ తన అరచేతిలో ఇంకా ఆరని జిడ్డును చూసుకున్నాడు.

ట్రాక్టరు టాంకీలో పుల్ల పెట్టి చూసుకోవడం మన పల్లెల్లో అందరికీ అలవాటే. తడి ఎంతదాకా ఉంటే అంత ఆయిలు, అంటే డీజిల్, ఉన్నట్టు. ఈ బండి టాంకీ గొట్టం వంకరగా ఉంటుంది. పుల్ల ఆ వంకర దగ్గరే ఆగిపోతుంది, లోపల ఎంత పెట్రోలున్నా పొడిగానే బయటికి వస్తుంది. ఆ సంగతి ఆదినారాయణకు తెలుసు. హెన్రీకి ఇప్పుడు తట్టింది. ఇంకొకటి కూడా తట్టింది. ఇది పెట్రోలు బండి అని తండ్రికి తను ఎప్పుడూ చెప్పలేదు. కొనేటప్పుడు మాట్లాడుకున్నది తనూ, అమ్మా. నాయన ఈ బండి స్టీరింగు పట్టేవాడు కాదు, ఆయనకెందుకులే అనుకున్నాడు. పొగ రాని బండి అని మాల్యాద్రి పల్లెంతా గొప్పగా చెప్పుకున్నాడు. బండి మంచిది కాబట్టి పొగ రాదని ఆయన నమ్మకం.

హెన్రీ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు, ఏడుపు ఫోనులోకి పోకూడదని. కొడుకు ఎంత ఏడ్చినా ఆ ఏడుపు ఒక రోజుకు ఆరుతుంది. ఆ ముసలాయనకు ఈ నిజం తెలిస్తే మాత్రం ఆయన ఇంకో పూట అన్నం తినడు.

"ఆదినారాయణా, ఉండావా?"

ఆదినారాయణ హెన్రీ వైపు చూశాడు. అరుగు మీద గ్లాసు వైపు చూశాడు. గుమ్మంలో భార్య వైపు మాత్రం చూడలేదు.

"ఉండానన్నా."

"చెప్పు మరి."

"ఇంజన్లోనే లోపం ఉండాదన్నా. పాతది."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసే అమ్మినావా?"

ఆదినారాయణ కళ్లు మూసుకున్నాడు. "తెలిసే అమ్మినానన్నా. తప్పైపోయింది."

హెన్రీ తలెత్తాడు. ఇప్పుడైనా అతను నోరు తెరవాల్సింది. కాదు నాయనా, అన్న అబద్ధం చెప్తా ఉన్నాడని ఒక్క మాట అనాల్సింది. అనలేదు. అతణ్ణి తిట్టాలని నాకూ ఉంది. కానీ ఆ మాట అన్న మరుక్షణం ఆ ముసలాయన, మరి బండి ఎందుకు ఆగిందిరా అని అడుగుతాడు.

అవతల మాల్యాద్రి ఏడవడం మొదలుపెట్టాడు. పెద్దవాళ్లు అలా ఏడిస్తే వినేవాళ్లకు ఎక్కడికైనా లేచి పోవాలనిపిస్తుంది.

"ఇన్నాళ్లకు మనసు తేలికైంది నాయనా" అన్నాడు చివరికి. "నువ్వు ఒప్పుకున్నావు, అది చాలు. రేపు నువ్వూ, మీ ఆడమనిషీ ఇద్దరూ రండి. కూడికలో నేను లేచి సాక్ష్యం చెప్తా. నువ్వు కూడా లేచి ఇప్పుడు నాతో చెప్పిన మాటే అందరి ముందర చెప్పు. తెలిసే అమ్మినానని. నేను నీ చెయ్యి పట్టుకుంటా. మా సంఘం అంతా చూస్తది. అప్పుడు నేను బల్ల దగ్గరికి పోతా. ఏం, వస్తావా?"

"వస్తానన్నా."

"చెప్తావా?"

"చెప్తా."

చెంచులక్ష్మి గుమ్మం దిగింది.

రాహేలమ్మ అంటే ఆమెకు ఇష్టం లేక కాదు. ఆ రోజు ప్రార్థనలో తన ఇంటి పేరు విని కళ్లనీళ్లు పెట్టుకుంది ఆమే. ఆ ముసలాయన మీద జాలి లేక కూడా కాదు. ఇప్పటికీ ఆమె చెంపలు తడిగానే ఉన్నాయి. అబద్ధం నాలుగు గోడల మధ్యే ఉండిపోతే ఆమె కూడా మింగేసేదేమో. కానీ రేపు ఊరందరి ముందు తన భర్త లేచి నిలబడి, చెయ్యని హత్య చేశానని తన నోటితో చెప్పాలట. ఆ పక్కన తను కూర్చోవాలట. ఆ తర్వాత బతికున్నన్నాళ్లూ సంతలో ఆ వేళ్ల ముందు నడవాలట.

"లక్ష్మీ" అన్నాడు ఆదినారాయణ, భార్య మొహం చూసి భయపడి. "లోపలికి పో."

ఆమె పోలేదు. అరుగు దగ్గరికి వచ్చింది.

హెన్రీ మోకాళ్ల మీదనే ఆమెకు అడ్డం వచ్చాడు. రెండు చేతులూ జోడించాడు. "వదినా, వద్దు" అన్నాడు, పెదవులతోనే. "నీ కాళ్లు పట్టుకుంటా, వద్దు."

ఆమె అతని తల మీద చెయ్యి వేసింది. ఎంతో ప్రేమగానే వేసింది. ఇంకో చేత్తో ఫోను తీసుకుంది.

"మాల్యాద్రన్నా, నేను చెంచులక్ష్మిని. మీ పక్కన ఎవరన్నా ఉంటే చెయ్యి పట్టుకుని కూర్చోండి."

"ఏందమ్మా? ఎందుకు?"

"ఆ బండి డీజిల్‌ది కాదన్నా."